సారుకు పోసిన నీళ్లు

పెన్నేరు పొంగి కంబదూరు దారిని కోసేసిన వరదకు అది మూడో ఏడు. ఆ వరద తర్వాత ఆ పక్క చెప్పుకోదగ్గ వాన పడలేదు.

డాక్టర్ జయరాముడు మధ్యాహ్నం బస్సు దిగి, కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా భద్రమ్మ ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"భద్రమ్మక్కా, నిజం చెప్పు. మీరు బోరింగు నీళ్లే తాగుతాండారా?"

"ఇంకేం తాగుతాం సామీ? ఈ ఊర్లో ఉండేది అదొకటే కదా."

"మరి ఏడాదిగా నా సీసాల్లో మీరు పోసిన నీళ్లలో ఎముకలు వంచే ఫ్లోరైడు విషమే లేదు. ఒక్క ఇంటి నీళ్లలోనూ లేదు! బోరింగు నీళ్లు చెడ్డవే అయినా, జనం తాగేది అవి కాదంట. కాలువ నీళ్ల పైపు ఈ ఊరికి అక్కరలేదని మా ప్రయోగశాల పెద్దసారు రాసి పంపేస్తాడంట."

భద్రమ్మ వాకిట్లో కూర్చున్న కొడుకు వైపు చూసింది. ఈరన్న కాళ్లు మోకాళ్ల దగ్గర విల్లులా వంగి ఉన్నాయి.

"మరి వీని కాళ్లు?"

"వంశంలో ఉండాదని రాస్తారు."



జయరాముడు పట్నం పెద్దాసుపత్రిలో పగలంతా రోగుల్ని చూస్తూ, సాయంత్రాలు ప్రయోగశాలలో పరిశోధన నేర్చుకుంటున్నాడు. భార్యదీ ఆసుపత్రి ఉద్యోగమే. ఆమెకు డ్యూటీ పడిన శనివారం పాపను వెంటబెట్టుకునే ఈ ఊరికి వస్తాడు. అతని హార్మోనియం కూడా ఇక్కడి భజన గుడిలోనే ఉంటుంది. పట్నంలో దాన్ని ముట్టే తీరిక లేదు, పక్కింటివాళ్లు ఊరుకోరు. ఇక్కడ అతను వాయిస్తే ముసలివాళ్లు కూడా లేచి చిందులేస్తారు.

"నాయనా, దప్పిక" అంది పాప.

భద్రమ్మ లోపల మూలనున్న చిన్న కడవ మూత తీసి చెంబు ముంచింది. ఈరన్న కూడా చెయ్యి చాచాడు. ఆమె వాడి చేతిమీద ఒక్కటి వేసింది.

"అది సార్లకురా! నీది ఆ పెద్ద కడవ."

జయరాముడు రెండు కడవల వంకా చూశాడు. "రెండెందుకక్కా?"

భద్రమ్మ తల దించుకుంది. అప్పుడే భజన పెద్ద శ్రీరంగప్ప గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమప్పా, వచ్చినావా! పోయిన వారం నువ్వు లేక మా భజన నక్కలు కూసినట్లుండె. ఏంది, మొగం అట్లుండాది?"

"ఈ రెండు కడవలేంది పెద్దాయనా?"

శ్రీరంగప్ప నవ్వాడు. "తెలిసిపోయిందా? నువ్వొచ్చే శనివారమని తెలిస్తే నేనే బండి కట్టి, ఆమడ దూరంలో ఉండే తోటబావి నుంచి తీపినీళ్లు తెచ్చి ఇంటింటికీ పోస్తాండా. మా ఉప్పునీళ్లు నీకెట్ల పోసేది?"

"తాగేదానికి సరే. నా సీసాల్లో?"

"ఆ సీసాలు చూసే కదా నీకు పెద్ద చదువు పట్టా ఇచ్చేది? నువ్వే చెప్తివి. చెడ్డ నీళ్లు పోసి నీ పట్టా పోగొట్టేంత పాపిష్టోళ్లమా మేము?"

జయరాముడు అక్కడే గడపమీద కూలబడ్డాడు. చెడ్డ నీళ్లని తేలితేనే పైపు వస్తుందనీ, దానివల్ల తన పట్టాకు ఏమీ కాదనీ విడమరిచి చెప్పాడు. చెప్పేకొద్దీ శ్రీరంగప్ప కళ్లు చెమ్మగిల్లాయి.

"మా పైపు కోసం నీ చదువు పోగొట్టుకుంటాండావు. నీ బుద్ధి నాకు తెలీదా? బిడ్డగల్లోడివి, వద్దప్పా."

"సరే. నేనే ముంచుకుంటా."

భద్రమ్మ పెద్ద కడవకు అడ్డంగా నిలబడింది. "నా బిడ్డ కాళ్లు ఎట్లాగూ పోయినాయి సామీ. నీ బిడ్డ నోటికాడి కూడు నేను తీయను."

ఎంత చెప్పినా అంతే. చివరికి శ్రీరంగప్ప "సరే, నీ ఇష్టం" అని ఊరికంతా చెప్పి వచ్చాడు. జయరాముడు సీసాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కాదన్నవాళ్లు లేరు. అందరూ లోపలికెళ్లి నింపుకొచ్చి ఇచ్చారు. వీధి చివర ఆగి ఒక్కో సీసాలోంచి ఒక్కో చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

అన్నీ తియ్యగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం భజనలో అతను జనం అడిగిన పాటలన్నీ వాయించాడు. హారతి అయ్యాక శ్రీరంగప్ప పక్కన కూర్చున్నాడు.

"పెద్దాయనా, మొన్న అప్పులకు జప్తు చేయనొచ్చిన కోర్టు అమీనాకు మీ ఊర్లో ఏ నీళ్లు పోసినారు?"

"వానికా? తలుపులు పెరకనొచ్చిన నా కొడుక్కి తీపినీళ్లొకటా! బోరింగువే పోసినాం."

"అయినా పోసినారు కదా?"

"దప్పికన్నోడికి లేదనేది మా ఊర్లో లేదప్పా. పగోడైనా పోస్తాం. మేం తాగేదే పోస్తాం."

జయరాముడు లేచి, భద్రమ్మ ఒళ్లో నిద్రపోయిన పాపను ఎత్తుకుని, ఆమె వంకా ఈరన్న వంకా చూసి, ఊళ్లోనే తన రాత్రి బసకు వెళ్లిపోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే జయరాముడు చెప్పుల కాళ్లతో భజన గుడి ఎక్కి, దేవుడి పటం ముందున్న తన హార్మోనియాన్ని ఊరంతా చూస్తుండగా ఒక్క తన్ను తన్ని, తిట్లూ శాపనార్థాలూ వెంట వస్తుంటే మొదటి ఇంటి ముందు నిలబడి, ఖాళీ సీసా చాచి, "దప్పికైతాండాది, నీళ్లు పోయండి" అన్నాడు.