రెక్క కింది గీత

గేటు చప్పుడైంది.

అరుంధతి అత్తగారి గదివైపు చూసింది. అత్తగారు మధ్యాహ్నం కునుకు మధ్యలో నిద్రలేస్తే ఇవాళ్టి పని మొత్తం చెడుతుంది.

ఆమెకు కోదాడ ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. చేరుతుందో లేదో సాయంత్రం ఐదులోపు ఫోన్ చేసి చెప్పాలి. భర్త మధుసూదన్ ఎప్పటిలాగే "అమ్మ సరేనంటే సరే" అనేసి రైస్ మిల్లుకు వెళ్లిపోయాడు. ఆ అమ్మ, అంటే సుగుణమ్మ, కంటినిండా నిద్రపోయి లేస్తేనే కాస్త మంచిగా మాట్లాడుతుంది. అడగాలంటే టీ వేళే అడగాలి.

అరుంధతి పరుగున వెళ్లింది. గేటు అవతల అరవై ఏళ్ల మనిషి. భుజాన గుడ్డసంచి.

"గేటు తియ్యమ్మా. దొరసానితోని ఒక్క మాట చెప్పి పోత."

"పండుకున్నది. తాళం ఆమె దగ్గర్నే ఉంటది. ఏం పని?"

గేటుకే కాదు, ఆ ఇంట్లో పప్పుడబ్బాలున్న అల్మారాకు కూడా తాళమే. గుత్తి మొత్తం పగలు సుగుణమ్మ నడుముకు, నిద్రలో దిండు కింద.

"జపాన్ పళ్లెం ఇంక ఉన్నదా?"

అరుంధతికి అనుమానం వచ్చింది.

"నీకెట్ల ఎరుక? పాత సామాన్లు కొంటవా?"

"కొననమ్మా. అది జపాన్‌ది కాదు, ఇంగ్లీషోళ్లది. జపాన్ పింగాణీ సూసి మనసు పడి, అసొంటియే చేసుకున్నరు. ఒక మూలకు కొమ్మ, రెండు పూరేడు పిట్టలు, మిగతదంత తెల్లగ. అవునా?"

అచ్చం అంతే.

"అంచుకు సీతాకోకచిలుక. దాని రెక్క కింద వేలెడు పగులుగీత."

అరుంధతి ముఖం మాడిపోయింది. ఈ సంగతి ఊరంతా పాకిందా ఏం?

"ఆ గీత నేనే పడేసిన," అంది. "పెండ్లయిన నెలకు. తుడువబోయి."

పదకొండేళ్లుగా ఆ గీతే ఆమెకు కాపలా. పుట్టింటికి పోయొస్తానంటే గీత. కుట్టుమిషన్ కొనుక్కుంటానంటే గీత. "ఒక్క పళ్లెం కాపాడలేనిదానివి" అని సుగుణమ్మ మొదలుపెడితే ఇక రెండో మాట అవసరముండదు. నిజానికి పళ్లెం పగిలిన చప్పుడు విన్నట్టే అరుంధతికి గుర్తులేదు. అన్నేళ్లు అనిపించుకున్నాక తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది.

ఆయన కడ్డీలకు దగ్గరగా జరిగాడు.

"నువ్వా తల్లీ?" అన్నాడు మెల్లగా. కళ్లు తడయ్యాయి. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

"ఇను. ముప్పై ఏండ్లు హైదరాబాద్‌ల ఒక మ్యూజియంల పింగాణీ తుడిసిన. గాడ ఒక సారు చెప్పిండు. భట్టీల కాలేటప్పుడే కొన్నిటికి పగులొస్తది. పారెయ్య మనసు రాదు. జపాన్ పద్ధతిల బొమ్మ ఏడ పడితే ఆడ గియ్యొచ్చు గద! ఆ పగులు మీద సీతాకోకచిలుకను గీసి అమ్మేటోళ్లు. గోరుతోని గీకి సూడు. మన చేతుల పగిలితే గోరు తట్టుకుంటది. భట్టీల పగిలితే పైన గాజుపూత పారి ఉంటది, గోరు జారుతది."

"ఈ మాట నాకెందుకు చెప్తున్నవ్?"

"దొరసానికి చెప్పాల్నని పెద్దవూర కాడి తండా నుంచి వచ్చిన. జర లేపు తల్లీ."

లోపల దగ్గు వినిపించింది. అరుంధతి బెదిరిపోయింది. ఇప్పుడు లేపితే తన ఉద్యోగం ఖతం.

"ఇయ్యాల వద్దు తాతా. ఇంకోసారి రా. నీకు దండం పెడత."

"ఇంకోసారి వస్తనో, రానో." ఆయన నవ్వాడు. "మంచినీళ్లన్న ఇయ్యి."

కడ్డీల సందులోంచి గ్లాసు అందించింది. ఆయన ఎడమచేత్తో అందుకున్నాడు. పెద్దవాడై ఉండి ఈ మాత్రం పద్ధతి తెలియదా అనుకుంది. కుడిచెయ్యి సంచి కిందే ఉండిపోయింది.

"పేరేంది తాతా?"

"తావుర్యా."

గ్లాసు తిరిగిచ్చి, బస్టాండు వైపు నడిచాడు.

నాలుగున్నరకు టీ ఇచ్చి అరుంధతి ఉద్యోగం మాట అడిగింది.

"ఒక్క పళ్లెం కాపాడలేనిదానివి," అంది సుగుణమ్మ టీ ఊదుకుంటూ, "కాలేజీల గాజుసామాన్లు కాపాడతవా?"

పదకొండేళ్లలో మొదటిసారి అరుంధతి తల వంచలేదు.

"తాళాలు ఇయ్యుండ్రి అత్తమ్మా."

ఆ గొంతు విని సుగుణమ్మ చెయ్యి దానంతటదే గుత్తిని అందించింది. అరుంధతి షోకేసు తెరిచింది. పళ్లెం తీసి గీత మీద గోరు పెట్టింది.

గోరు జారింది.

మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది.

"ఇది నేను పలగ్గొట్టలే అత్తమ్మా. ఎవ్వరు పలగ్గొట్టలే. పుట్టుకతోనే ఉన్నది."

"ఎవడు చెప్పిండు నీకు?"

"ఇందాక మీరు పండుకున్నప్పుడు ఒకాయన వచ్చిండు. మీతోని మాట్లాడతనన్నడు. పేరు తావుర్యా అంట."

సుగుణమ్మ గ్లాసులోని టీ చీర మీద ఒలికింది.

"కుడిచేతి వేళ్లు..." అంది. "వంకర పోయి ఉన్నయా?"

"సూడలే. ఎడమచేత్తోని నీళ్లు తాగిండు. ఎందుకు?"

సుగుణమ్మ గ్లాసు కింద పెట్టింది.

"వాడు మనింట్ల జీతగాడు, పని చేస్తుండె. ఈ గీత వాడే పడేసిండని, మీ మామ వాని చెయ్యి దర్వాజ సందుల పెట్టి నొక్కిండు."

"ఎప్పుడు?"

"మీ ఆయన ఉయ్యాలల ఉన్నప్పుడు. ముప్పై ఎనిమిదేండ్లాయె."

అరుంధతి తాళంగుత్తి పట్టుకుని పరుగెత్తి గేటు తీసింది. వీధి ఖాళీగా ఉంది.

తన మీది నింద కడుక్కునే ఒక్క మాట చెప్పడానికి ముప్పై ఎనిమిదేళ్లకు వచ్చిన మనిషి, ఆ మాటను ఆమె చేతిలో పెట్టి, ఆమె తెరవని గేటు బయటి నుంచే వెళ్లిపోయాడు.