ఆరో పాట

“ఆరో పాట తీసెయ్యండి. అంతే.”

పొద్దుటి నుంచి అవ్వ ఈ ముక్క అనడం ఇది మూడోసారి. పక్కన కూర్చున్న మనవరాలు దాన్ని పాటల కంపెనీ డైరెక్టరుకు తెలిసే భాషలో మూడోసారి చెప్పింది. అవ్వ మాట్లాడే భాష ఆ కొండ మీది నాలుగు ఊళ్ళు దాటితే ఎవరికీ రాదు.

డైరెక్టరు నుదురు రుద్దుకున్నాడు. కొండ మీది పదిమంది నేతగత్తెలు మగ్గం ముందు కూర్చుని పాడిన పది పాటల ఆల్బం అది. నెల తిరక్కుండానే తప్పక వినాల్సిన జానపద ఆల్బంల జాబితాలన్నిటికీ ఎక్కింది. అందులో ఆరోది అవ్వ గొంతు. విన్నవాళ్ళంతా ముందు చెప్పేది దాని గురించే. ఆ కొండ ఆడవాళ్ళు మగ్గం మీదుంటే ఉప్పు డబ్బా అందుకోమన్నా దరువులోనే అంటారు, లేకపోతే చేతిలో పోగుల లెక్క తప్పుతుంది. ఇక పాటంటే చెప్పాలా!

“మామ్మగారూ, ఈ విమర్శకుడు ఎవర్నీ ఓ పట్టాన మెచ్చుకునే రకం కాదు. ఏం రాశాడో వినండి.” పేపరు మడత విప్పాడు. “‘గుమ్మంలోకొచ్చిన అతిథిని ఇంత ఆప్యాయంగా పిలిచే గొంతు నేనెన్నడూ వినలేదు. కళ్ళు చెమర్చాయి.’”

మనవరాలు చెప్పింది. అవ్వ ముక్కు మీద వేలేసుకుంది.

“మా అమ్మాయి పెళ్ళిలో చుట్టాలొస్తుంటే వాకిట్లో ఇదే వేశాం. బళ్ళో పిల్లలు వచ్చిన పెద్దల ముందు నిలబడి కోరస్‌గా పాడుతున్నారు. కావాలంటే అట్ట మీద మీ ఫొటో వేస్తాం.”

“నా మొహం కూడా కావాలా వీడికి?” అవ్వ గొంతు లేచింది. “నా గొంతు నాది. నేను పోయాక కూడా అది ఊరందరి వాకిళ్ళలో తిరగడానికి వీల్లేదు. తీసేదాకా ఈ కుర్చీలోంచి లేవను.”

మనవరాలు ‘వీడికి’ని ‘వారికి’ చేసి, మిగతాది ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

డైరెక్టరుకు ఒళ్ళు మండింది. “రికార్డింగుకి నేనే స్వయంగా మీ ఇంటికొచ్చాను. మీ మాట నాకు విడమర్చే మనిషి కూడా లేడు. అయినా నా వంకే చూస్తూ మనసారా పాడారు. ఇవాళ ఈ మొండితనమేంటండీ?”

అది విని అంత కోపంలోనూ అవ్వ నవ్వాపుకోలేకపోయింది.

“ఊళ్ళకి ఊళ్ళు విన్నారు. ఒక్కడైనా అర్థం అడిగాడా? అడగమను.”

డైరెక్టరు విసుగ్గా పెన్ను తీశాడు. “సరే, అర్థం చెప్పండి. రాసుకుంటాను.”

మనవరాలు గొంతు సవరించుకుని, ఆయన రాసుకోవడానికి వీలుగా ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది: “‘పాడనని చెప్పానుగా... ఎన్నిసార్లు చెప్పాలి నీకు... ఆ మిషను సర్దుకుని నా గడప దిగు.’”