కప్పు ఫోను

“ఆ పిల్ల ఇవాళ కూడా బెల్లం కొట్టిన రాయిలా ఉందంటే, రేపు వాళ్ళమ్మను పిలిచి టీసీ ఇచ్చేస్తాను,” అని టీచరుతో చెప్పి హెడ్మాస్టరు గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

రెండో తరగతి పిల్లలు పేపరు కప్పులకు చిల్లులు పెట్టి, దారం కట్టి ఫోన్లు చేశారు. గదంతా “హలో, హలో” అని ఒకటే గోల. బళ్ళో చేరినప్పటి నుంచి నోరు విప్పని పిల్ల మాత్రం తన కప్పు పట్టుకుని గోడకు అతుక్కుపోయింది.

టీచరు ఆ దారం రెండో చివరి కప్పు అందుకుని, ఎదుటి గోడదాకా వెనక్కి నడిచింది.

“బిగుతుగా పట్టుకో తల్లీ. వదులైతే వినపడదు.”

టీచరు తన కప్పు చెవికి ఆనించుకుంది. హెడ్మాస్టరు గడియారం చూసుకున్నారు. పిల్లల గోల సద్దుమణిగింది.

దారాన్నే చూస్తున్న పిల్ల మెల్లిగా కప్పు నోటి దగ్గరికి తెచ్చుకుని, అందులోకే లోగొంతుతో అంది.

“మీ వైపు నుంచి దారం వణుకుతోంది టీచర్. మీకూ ఆ సారంటే భయమా?”

“ఏమంటోందమ్మా?” హెడ్మాస్టరు గద్దించారు.

టీచరు ఆయన వైపు తిరగలేదు. పిల్ల కప్పు చెవికి మార్చుకునేదాకా ఆగి, తన కప్పులో గుసగుసగా “అవును” అంది.

పిల్ల పకపకా నవ్వింది. అది వినడానికి హెడ్మాస్టరుకు కప్పు అక్కర్లేకపోయింది.