రీల్ సీటు బిగించినోడు

చేతిలోకి తీసుకున్న మూడో రీల్ సీటును కూడా ఆ పెద్దాయన బల్ల మీద పెట్టేశాడు.

నాగవంశీకి చిరాకేసింది. వన్ టౌన్ సందులో గేలం రాడ్లు తయారుచేసి అమ్మే కొట్టు అతనిది. ఎవరికి కావలసిన కర్ర వాళ్లకు ఎంచి, దానికి పిడీ, గేలం దారం చుట్టుకునే రీలును పట్టి ఉంచే రీల్ సీటూ బిగించి ఇస్తాడు.

“ఏటి బాబాయ్, పొద్దుటి నుంచీ సూత్తనావ్. ఏదో ఒకటి తీసుకో.”

“ఏది గట్టిది బాబూ?”

“అన్నీ గట్టియే.”

పెద్దాయన ఇంకోదాన్ని తీసుకుని, రీలు అందులో కూర్చోబెట్టి, మర బిగించి అటూ ఇటూ ఊపాడు. కదల్లేదు.

“ఇది బిగించు. నా కళ్లెదురుగా బిగించు.”

సీటు కర్రకు వదులుగా ఉంది. నాగవంశీ కర్రకు రెండు చోట్ల టేపు చుట్టి, దాని మీద కాస్త జిగురు రాసి తొడగబోయాడు.

“మజ్జిలో కాళీగా ఉండిపోనాది కదా?”

“లోపల ఎవుడు సూత్తాడు బాబాయ్?”

పెద్దాయన చెయ్యి చాపాడు.

“ఆ జిగురిలాగియ్యి.”

బల్ల వెనక్కి వచ్చి నాగవంశీ పక్కనే కూర్చున్నాడు. వేళ్లతో ఆ ఖాళీ అంతా నింపడం మొదలుపెట్టాడు.

అప్పుడే బయట బైకు కింద పడేసిన చప్పుడైంది.

వీరేంద్ర! హార్బరులో లారీలు తిప్పే మనిషి. తమ్ముడు బాబీ కోసం కొత్త రాడ్డు ఇక్కడి నుంచే పట్టుకెళ్లాడు. చొక్కా నిండా రక్తం. చేతిలో ఇనప గొట్టం.

“మా బాబీ ఐసీయూలో ఉన్నాడ్రా! పెద్ద సేప తగిలితే రీల్ సీటు ఊడి సేతికొచ్చీసినాది. ఎనక్కి రాళ్ల మీద పడి తల పగిలిపోనాది!”

గొట్టం దెబ్బకు అద్దాల బీరువా భళ్లున పగిలింది. రీళ్లు నేల మీద దొర్లాయి.

“ఎవుడ్రా బిగించినాడు? నువ్వేనా?”

కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నాగవంశీ పెదవి చిట్లింది.

“నాను కాదన్నా... నాను అమ్మడమే... బిగించేది...”

నాగవంశీ చెయ్యి లేచింది. జిగురు చేతులతో కూర్చున్న పెద్దాయన వైపు తిరిగింది.

పెద్దాయన నాగవంశీ మొహంలోకి చూశాడు. తర్వాత వీరేంద్ర వైపు తిరిగాడు.

“ఆ కుర్రోడిని వదిలీ బాబూ. నానే బిగించినాను.”

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన శబ్దం సందు చివరిదాకా వినిపించింది. రెండోది తల మీద.

పెద్దాయన కిందపడ్డాక కూడా వీరేంద్ర ఆపలేదు. కొడుతూనే ఏడుస్తున్నాడు.

“మా అమ్మకేటి సెప్పమంటావ్రా! ఏటి సెప్పమంటావ్!”

పెద్దాయన చెయ్యి అడ్డు పెట్టుకోలేదు.

బల్ల కింద నక్కిన నాగవంశీ గొంతులోకి ‘ఆయన కాదు’ అన్న మాట వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

చుట్టుపక్కల కొట్లవాళ్లు పరుగెత్తుకొచ్చి వీరేంద్రను లాగేసరికి గచ్చంతా ఎర్రగా ఉంది.

ఆటోలో పెద్దాయన తలను ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది నాగవంశీయే. పెద్దాసుపత్రి గేటు దాటుతుండగా ఆయన ఊపిరి ఆగిపోయింది.

పెద్దాయన ఫోను నుంచి కబురు చేస్తే భార్య వచ్చింది. పేరు పుష్పకుమారి. భర్త పేరు సత్యం అని ఆవిడ చెబితేనే తెలిసింది.

ఆవిడ భర్త చెంపలు నిమిరింది. జిగురు ఎండిన వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. తర్వాత, నెత్తుటి చొక్కాతో మూల నిలబడ్డ నాగవంశీకి రెండు చేతులూ జోడించింది.

“ఎవురి బిడ్డవో బాబూ... సివరి గడియలో ఆయన్ని ఒంటరిగా వదిలీలేదు.”

నాగవంశీ ఆ చేతులను కిందికి దించాడు.

“అమ్మా... ఆయన ఆ కొట్టుకెందుకెల్లినారు?”

పుష్పకుమారి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“మా కొడుకు యోహాను రీల్ సీటు ఊడిపోయి రుషికొండ రాళ్ల మీంచి పడి సచ్చిపోనాడు బాబూ. ఆ కొట్లో కొన్న రాడ్డే. కేసెట్టమని అందరూ సెప్పినారు. ఈయన ఒప్పుకోలేదు. ‘ఆ కొట్టోడూ మనోడి ఈడోడేనే, పక్కన కూకోని మంచిగా సెప్పొత్తాను, ఇంకో తల్లి బిడ్డయినా బతుకుతాడు’ అని ఈ పొద్దు బయల్దేరినాడు.”