నెలకి మిగిలే రెండు వేలు

మా అన్నా వదినా కొట్లాడుకుంటే మధ్యలో దూకి ఆపే మొనగాణ్ణి నేనే. ఆ రోజు మాత్రం కుక్కర్ మూత గాల్లోకి లేచేసరికి భోజనాల బల్ల కిందికి దూకాను.

మూత తగిలి గోడ పెచ్చు ఊడింది. ఇంకా పదకొండేళ్ళు అప్పు కట్టాల్సిన గోడ అది.

“నీ మ్యూచువల్ ఫండు అమ్మించి ఇంటి అప్పుకి రెండు లక్షలు ముందే కట్టింది దేనికే? మూడేళ్ళు ముందు అప్పు తీరిపోవాలని!” అన్నయ్య అరిచాడు. “బ్యాంకు వాళ్ళు నెల వాయిదా తగ్గించి, ఏళ్ళు అలాగే ఉంచారు. ఫారంలో ‘వాయిదా తగ్గించండి’ అని టిక్కు పెట్టిందెవరు?”

జుట్టు పట్టుకుని వదిన తలని తలుపుకేసి కొట్టాడు. ఇల్లు జానెడు పక్కకి జరిగింది. వదిన కనుబొమ్మ చిట్లి రక్తం నేల మీద పడింది.

“నేనే పెట్టా,” అంది వదిన. “పాలకీ కరెంటుకీ నీ ముందు చెయ్యి చాచలేక పెట్టా. నెలకి రెండు వేలు మిగుల్తాయి. చంపుతావా?”

అన్నయ్య మళ్ళీ చెయ్యెత్తాడు.

వదిన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆమెకి అంతా తెలుసని అప్పుడర్థమైంది.

పాక్కుంటూ బయటికొచ్చి అన్నయ్య చెయ్యి పట్టుకున్నాను.

“ఫారం నింపమని నువ్విచ్చిన ఫోను వదిన నా చేతికిచ్చింది అన్నయ్యా. టిక్కు పెట్టింది నేనే. ఆ రెండు వేలతో నాకు బండి కొని వాయిదా కడతావని పెట్టా. వదిన ఆ ఫారం చూడను కూడా లేదు.”