నలుగురు పెద్దమనుషుల పిప్పి

"నాలుగు మెతుకులు అరిగించుకోలేని కడుపు! మా వాడికి ఎక్కడ దొరికావే?" గొణుగుతూనే అత్త గుయిఝెన్ కషాయం గిన్నె కోడలు రుయ్‌లాన్ ముందు పెట్టింది.

జిన్సెంగ్, అతిమధురం, మరో రెండు మూలికలు. వైద్యుడు దాన్ని 'నలుగురు పెద్దమనుషుల కషాయం' అంటాడు. రుయ్‌లాన్ ముక్కు మూసుకుని తాగింది.

"పిప్పి తీసుకెళ్ళి నాలుగు దారులు కలిసేచోట పోసిరా. తొక్కినవాళ్ళ కాళ్ళకి అంటుకుని రోగం పోతుంది."

రుయ్‌లాన్ పోసి వచ్చింది గానీ కాలు నిలవలేదు. ఇరవై రోజులుగా తాగుతున్నా అన్నం సహించడం లేదు. అసలెవరైనా తొక్కుతున్నారా? చూద్దామని మళ్ళీ వెళ్ళింది.

ఆ కూడలిలో, ఆవిరి బన్నుల కొట్టు ముందు, జనం పిప్పిని చూసి పక్కకు తప్పుకుపోతున్నారు. ఒక్క మనిషి మాత్రం దాని మీదే అటూ ఇటూ తిరుగుతోంది. అత్త!

"అత్తయ్యా! ఏంటా పని?"

గుయిఝెన్ ఉలిక్కిపడింది. "కూరలకి పోతున్నా."

ఆమె చేతిలో సంచీ లేదు.

"రోగం మీకు అంటుకుంటేనో?"

"రాళ్ళు తిన్నా అరిగే కడుపు నాది. నోర్మూసుకుని ఇంటికి పద."

మర్నాడు రుయ్‌లాన్ పిప్పి గిన్నె పట్టుకుని పాత కాలువ వైపు బయల్దేరింది.

"అటెక్కడికే? అక్కడ మనుషులే తిరగరు! ఎవరు తొక్కుతారు?"

"ఎవరూ తొక్కకూడదనే, అత్తయ్యా."

గుయిఝెన్ చెప్పులేసుకుని కోడలి వెనకే నడిచింది.