వెంకటేశ్వర్లు సార్ ఫిజిక్స్ క్లాసు

"నేను పరీక్ష రాయను సార్. నాకు ఫిజిక్స్ రాదు," అంది అనూష, బెంచీ మీద తల వాల్చేసి.

దిద్దిన పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు అప్పుడే పంచారు. మునగాల దగ్గరి ఆ చిన్న హైస్కూల్లో సగంమంది ఫిజిక్స్‌లో తప్పారు. అసలు పరీక్షకు నెల కూడా లేదు.

"రాకపోతే నేర్సుకుందాం. ఏడుస్తె వస్తదా?" అన్నారు వెంకటేశ్వర్లు సార్. "నీ పేపరు సూశిన. వక్రీభవనంల 'క్రీ'కి దీర్ఘమే పెట్టలే. గాడ అర మార్కు పాయె."

"దీర్ఘానికి గూడ కోస్తరా సార్!"

"మరి కొయ్యనా?"

మర్నాటి నుంచి బడి గంటకు ముందే సార్ క్లాసు పెట్టారు. కోదాడ నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చేవారు. రాని పిల్లల ఇంటి ముందు ఆ బండి ఆగి హారన్ కొట్టేది. ఆ పరువు తక్కువ పడలేక అందరూ వచ్చేవాళ్లు.

ఆయన పాఠం తీరే వేరు.

"కుంభమంటె ఏంది? కుండ. కుండ లెక్క నడుమ ఉబ్బి ఉంటది గనక కుంభాకార కటకం. పేరులనే ఉన్నది గదనే!"

కరెంటు, నిరోధం అత్తాకోడళ్లట. ఒకరి జోరు పెరిగితే రెండోవారి జోరు తగ్గుతుందట. ఓమ్ నియమాన్ని రాగం తీసి పాడించేవారు. పక్క క్లాసు పిల్లలకు కూడా అది నోటికొచ్చేసింది.

లెక్కల దగ్గరికి వస్తే మాత్రం చాక్‌పీసు జమ్లీ చేతికిచ్చేవారు. తండా నుంచి వచ్చే జమ్లీ లెక్కల్లో దిట్ట. సార్ వెళ్లి వెనక బెంచీలో కూర్చునేవారు.

"చెయ్యి బిడ్డా. ఏది ఎందుకు చేస్తున్నవో గట్టిగ చెప్పు."

జమ్లీ చెబుతూ చేసేది. మధ్యలో సార్ ఆపేవారు.

"గీ మైనస్ యాడికెల్లి వచ్చింది? అనూషకు అర్థం కాలే."

"నాకు అర్థమైంది సార్," అనేది అనూష.

"కాలే. మళ్ల చెప్పు జమ్లీ."

మళ్లీ చెప్పేది. అలా చెప్పించి చెప్పించి, ఒకరోజు అనూషే లేచి జమ్లీ చేతిలో చాక్‌పీసు లాక్కుంది. కటకం లెక్క తప్పు లేకుండా చేసింది. వెనక బెంచీలోంచి సార్ చప్పట్లు కొట్టారు.

పరీక్ష రోజు సెంటర్ గేటు బయట, ఎండలో, గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డారు సార్. అందరికంటే ముందు అనూష పరుగెత్తుకొచ్చింది.

"సార్, కటకం లెక్కొచ్చింది! చేశిన!"

"జవాబెంత?"

చెప్పింది. సార్ తల గోక్కుని గేటు వైపు చూశారు.

"జర ఆగు. జమ్లీని గూడ రానీ."

జమ్లీ వచ్చింది. అదే జవాబు చెప్పింది. సార్ ఇద్దరికీ చెరుకు రసం తాగించారు.

ఫలితాలొచ్చాయి. ఆ బడిలో ఫిజిక్స్ తప్పినవాళ్లు ఒక్కరూ లేరు. సూర్యాపేట నుంచి ఒక పెద్ద అధికారి శాలువాతో వచ్చారు.

"అద్భుతం మాస్టారూ! ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఎక్కడ చేశారు?"

సార్ చెప్పుల వైపు చూసుకున్నారు. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నారు. ఇక లాభం లేదని హెడ్మాస్టరమ్మ మరియమ్మ గారే ముందుకొచ్చి, మెల్లగా అన్నారు:

"ఫిజిక్స్ పోస్టు మా బడిలో ఎప్పటినుంచో ఖాళీగానే ఉంది సార్, ఈయన మా తెలుగు పండిట్."